పది పౌన్ల ఇల్లు

మా పనిలోకి కొత్తగా ఎవరొచ్చినా మొదటి రోజు ఉలి చేతికివ్వను. బండెక్కించుకుని ఆల్ఫ్రిస్టన్ తీసుకెళతాను. ఇరవై రెండేళ్ల కిందట, ఓ ఏప్రిల్ పొద్దున, మా మేస్త్రి నన్నూ అలాగే తీసుకెళ్లాడు. చలికి నా వేళ్లు కొంకర్లు పోతుంటే అక్కడి ఓ ఇంటి ముందు గడ్డిలో నిలబెట్టి, ఏం కనబడుతోందో చెప్పమన్నాడు. "పాత ఇల్లు" అన్నాను. "అయితే ఇంకాసేపు చూడు" అని ఫ్లాస్కు తీసుకుని వెళ్లి చర్చి పక్క బెంచీ మీద కూచున్నాడు. గంటన్నర దాకా లేవలేదు. ఆ గంటన్నరలో నేర్చుకున్నదే ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతోంది.

ఆల్ఫ్రిస్టన్ ఇంగ్లండ్ దక్షిణ తీరానికి దగ్గర్లో, తూర్పు ససెక్స్‌లో, కక్‌మియర్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఊళ్లో 'టై' అనే పచ్చిక బయలు ఉంది. దాని మీద చెకుముకి రాళ్లతో కట్టిన సెయింట్ ఆండ్రూ చర్చి. చర్చికి ఓ పక్కగా, గడ్డి కప్పు కిందికి దించుకుని కూచున్న పొడవాటి కొయ్య ఇల్లు. దాన్ని క్లర్జీ హౌస్ అంటారు, అంటే పాదిరి గారి ఇల్లు. 14వ శతాబ్దపు కట్టడం. 1896లో నేషనల్ ట్రస్టు దాన్ని పది పౌన్లకు కొన్నది. ట్రస్టు కొన్న మొట్టమొదటి కట్టడం అదే. ఇవాళ వందల కొద్దీ చారిత్రక కట్టడాలు చూసుకుంటున్న సంస్థ లెక్క, కూలిపోతున్న ఓ పాదిరి ఇంటితో మొదలైంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా తాతదీ నాన్నదీ వడ్రంగం. కోనసీమలో మండువా ఇళ్లకు దూలాలు ఎత్తిన చేతులు వాళ్లవి. నేను హైదరాబాదులో ఆర్కిటెక్చరు చదివి, పాత కట్టడాల మరమ్మతు నేర్చుకోవడానికి ఇక్కడికి, ఇంగ్లండ్‌కి వచ్చాను. డ్రాయింగు బల్ల దగ్గర ఆర్నెల్లు కూచున్నాక, చెక్కని చేత్తో పట్టుకోకపోతే నాకేమీ రాదని అర్థమైంది. అప్పుడు చేరాను మా మేస్త్రి దగ్గర. ససెక్స్ మనిషి, మూడు తరాల వడ్రంగి. అప్పటికి ఆయనకు అరవై దాటాయి.

సరే, ఆ రోజు ఏం చూడాలో చెబుతాను. మీరూ చూడండి.

ముందు కప్పు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే కప్పు. ఇప్పుడు దాని కింద గోడ చూడండి. రెండు కొసల్లోనూ పై అంతస్తు కింది గోడకంటే అడుగున్నర దాకా ముందుకు పొడుచుకొస్తుంది. దాన్ని జెట్టీ అంటాం. మధ్యలో హాలు గోడ మాత్రం తిన్నగా ఉంటుంది, కాబట్టి ఆ రెంటి మధ్యా వెనక్కి నొక్కినట్టు కనబడుతుంది. అక్కడ చూరు గోడకు దూరంగా గాల్లో ఉండిపోతుంది, దాన్ని వంపు తిరిగిన కొయ్య ఊతలు మోస్తాయి. ఈ ఒక్క లక్షణం చాలు, ఇది వీల్డెన్ ఇల్లని చెప్పడానికి. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో కాస్త కలిగిన రైతులు కట్టుకున్న తరహా ఇది. పాదిరి ఇల్లని పేరే గానీ, ఒళ్లంతా రైతు ఇల్లే. మధ్యలో హాలు, ఒక కొసన యజమాని గదులు, రెండో కొసన సామాను గదులు. ఆ సామాను గదుల్లో ఒకదాన్ని బటరీ అంటారు. పేరులో వెన్న వినబడుతుంది గానీ వెన్నతో సంబంధం లేదు, బీరు పీపాలు పెట్టుకునే గది. మొదటి ఏడాది ఓ నివేదికలో దాన్ని పాడి గది అని రాసి మేస్త్రి చేత ఎర్రసిరాతో గీయించుకున్నాను.

లోపలికి వెళ్లాక మాట్లాడొద్దు. పైకి చూడండి. హాలుకు అటక లేదు, మేడ లేదు. నేల నుంచి కప్పు దాకా ఖాళీ. పొగగొట్టం ఆ రోజుల్లో లేదు. నేల మధ్యన రాళ్లు పేర్చి నిప్పు వేసేవారు. పొగ వాసాల్లోకి లేచి, దారి వెతుక్కుని బయటికి పోయేది. అందుకే ఈ తరహా ఇళ్లలో దేన్ని మరమ్మతు చేయబోయినా నేను ముందు టార్చిలైటుతో అటక ఎక్కి వాసాల మీద వేలు రుద్దుతాను. నల్లగా మసి అంటితే ఆ గది ఒకప్పుడు ఆకాశమంత ఎత్తున తెరిచి ఉండేదని లెక్క. కింద ఎన్ని గదులు కట్టినా, ఎన్ని సీలింగులు దించినా, మసి అబద్ధం చెప్పదు. దాన్ని కడిగేయకండి. శుభ్రం చేస్తున్నామనుకుని వైరు బ్రష్షుతో ఆరువందల ఏళ్ల సాక్ష్యం గీకేసిన వాళ్లను చూశాను.

తర్వాత్తర్వాత ఇళ్ల తీరు మారింది. 16వ శతాబ్దంలో మతసంస్కరణ వచ్చింది, పాదిరులు పెళ్లి చేసుకోవచ్చన్నారు. ఇంట్లో భార్యా పిల్లలూ. అదే కాలంలో ఇటుక పొగగొట్టాలూ వచ్చాయి. పొగ బాధ పోయాక, అంత ఎత్తు హాలు వృథాగా ఎందుకని మధ్యలో మేడ వేసుకున్నారు. ఇప్పుడు మనం విప్పే ఇళ్లలో నూటికి తొంభై అలా పొరల మీద పొరలు పడినవే. ఏ పొర ఎప్పటిదో తేల్చుకోకుండా ఒక్క మేకు కూడా పీకకూడదు.

ఆల్ఫ్రిస్టన్ హాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది నేల. సుద్దరాయిని పొడి చేసి, దిమ్మిస కొట్టి, పులిసిన పాలతో బిగించిన నేల అది. మేస్త్రి ఆ మాట చెప్పగానే పేడనీళ్లతో వాకిలి అలికే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆ కొండలన్నీ సుద్ద కొండలే. ఎక్కడ ఏది దొరికితే దాన్నే నేల చేసుకున్నారు. గోడలూ అంతే. కొయ్య చట్రం మధ్య ఖాళీల్లో చీల్చిన పుల్లలతో తడిక అల్లి, బంకమట్టీ గడ్డీ పేడా కలిపి రెండు వైపులా మెత్తి, పైన సున్నం పూయడం ఆ కాలపు పద్ధతి. మన ఊళ్లో తడిక గోడ మెత్తిన వాడెవడైనా రేపు వచ్చి ఇక్కడ పని చేయగలడు. కొత్త పదమేదీ నేర్పక్కర్లేదు.

కొయ్య పని దగ్గర కొంచెం ఆగుతాను, అది నా పని కాబట్టి.

ఇవి పచ్చి ఓక్‌తో కట్టిన ఇళ్లు. చెట్టు కొట్టిన కొద్ది నెలల్లోనే చెక్కి నిలబెట్టేస్తారు. పచ్చిగా ఉన్నప్పుడు ఉలికి మెత్తగా లొంగుతుంది. ఆరాక ఇనుము. అంగుళం మందం ఆరడానికి ఏడాది పడుతుందని మా లెక్క. అంటే అడుగు మందం స్తంభం ఇంటివాళ్లు కాపురం పెట్టిన పదేళ్ల తర్వాత కూడా ఆరుతూనే ఉంటుంది. ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, మెలి తిరుగుతుంది. అది తెలిసే కట్టారు. పాత ఇల్లు వంకరగా ఉందని తిన్నగా లాగడానికి జాకీలు పెట్టే వాళ్లకు నేను చెప్పేది ఇదే: ఆ వంకర కట్టిన మొదటి యాభై ఏళ్లలో వచ్చింది, తర్వాత అక్కడే కుదురుకుంది. దాన్ని కదిపితే కీళ్లన్నీ విరుగుతాయి.

కీలు అంటే కుసి, బెజ్జం. మనకు తెలిసినవే. తేడా చీలలో ఉంది. బెజ్జం రెండు చెంపల్లోంచి బర్మాతో రంధ్రం వేస్తాం. కుసి దూర్చి, ఆ రంధ్రంలోంచి కుసి మీద బర్మా మొనతో గుర్తు పెడతాం. కుసి బయటికి తీసి ఆ గుర్తు మీద రంధ్రం వేయం. రెండు మూడు మిల్లీమీటర్లు కుసి భుజం వైపు జరిపి వేస్తాం. మళ్లీ దూర్చి చీల కొడితే, రంధ్రాలు ఒకే వరసలో ఉండవు గనక చీల కొంచెం వంగుతూ వెళుతుంది, వెళుతూ కుసిని లోపలికి గుంజుతుంది. జిగురు లేదు, ఇనుము లేదు. ఓక్ ఆరే కొద్దీ అది ఇంకా బిగుస్తుంది.

నా మొదటి చీల విరిగింది. ఎంత ఎక్కువ జరిపితే అంత గట్టిగా లాగుతుందనుకుని ఆరు మిల్లీమీటర్లు జరిపాను. మూడో దెబ్బకి లోపల 'టక్'మంది. విరిగిన చీలను తొలచి తీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. రెండోసారి భయపడి ఒక్క మిల్లీమీటరు జరిపాను. చీల సుతారంగా దూరిపోయింది, కుసి మాత్రం కదల్లేదు. మూడోసారి మేస్త్రి నా వెనక నిలబడి, కళ్లు మూసుకుని కొట్టమన్నాడు. సుత్తి చప్పుడు మొదట బోలుగా ఉంది. చీల వంపు తిరిగిన చోట చప్పుడు బరువెక్కింది. కుసి భుజం వచ్చి స్తంభానికి ఆనిన క్షణాన చప్పుడు మారి గంట కొట్టినట్టు ఖణేలుమంది. "ఆ చప్పుడు గుర్తుపెట్టుకో" అన్నాడు. ఇంకో సంగతి. చీలను రంపంతో కోయకండి. ఆరిన ఓక్ దుంగను గొడ్డలితో చీల్చి, కత్తితో ఎనిమిది పలకలుగా చెక్కండి. చీల్చినదానిలో నార ఆ కొస నుంచి ఈ కొసకి తెగకుండా ఉంటుంది. కోసినదానిలో మధ్యలో తెగిపోతుంది, అక్కడే విరుగుతుంది.

కప్పులో ఈ ఇళ్లకు ఇంకో విశేషం ఉంది, క్రౌన్ పోస్టు. మన పూరింట్లో నిట్రాడు నేల నుంచి లేచి వెన్నుగాడిని మోస్తుంది కదా. క్రౌన్ పోస్టు అడ్డదూలం మీద నిలబడుతుంది, వెన్ను దాకా పోదు. సగంలో ఆగి, వాసాల జంటలను కలిపే అడ్డకర్రల కింద ఇంటి పొడవునా పోయే ఓ పట్టెను మోస్తుంది. నాలుగు వైపులా చేతులు చాపినట్టు వంపు ఊతలు. నేను మొదటిసారి చూసి ఇది ఏం మోస్తోందో తేల్చుకోలేక, డ్రాయింగులో దాన్ని వెన్ను దాకా సాగదీసి గీశాను. కంటితో చూసింది గీయకుండా, మనసులో ఉన్న నిట్రాడిని గీశాను. కొత్తవాళ్లందరికీ వచ్చే తప్పు ఇది. అందుకే నా దగ్గర చేరినవాళ్లు మొదటి నెల ఫోటోలు తీయడానికి వీల్లేదు, పెన్సిలుతోనే గీయాలి.

అన్నిటికంటే మర్చిపోలేని తప్పు మూడో ఏడాది జరిగింది. కెంట్‌లో ఓ రైతు ఇల్లు. స్తంభం కాలు కుళ్లిందన్నారు. వేలు పెడితే పొడి రాలుతోంది. పురుగు తొలచిన రంధ్రాలు జల్లెడలా ఉన్నాయి. మేస్త్రి ఆ వారం వేరే చోట ఉన్నాడు. నేను ధైర్యం చేసి రెండున్నర అడుగులు కోసేశాను. ముక్క కింద పడి ఖంగుమంది. కుళ్లిన కొయ్య అలా మోగదు. తిప్పి చూస్తే పైన అంగుళం మందం మాత్రమే పొడి. లోపల చేవ ఉక్కులా ఉంది. ఓక్‌లో పురుగుకు రుచించేది పైచెక్కే. చేవ జోలికి రావాలంటే దానికి తడీ బూజూ తోడు కావాలి. అంతకంటే బాధ, ఆ ముక్క లోపలి పక్కన ఉలితో గీసిన గుర్తు ఉంది, నాలుగు నిలువు గీతలు. ఆ రోజుల్లో వడ్రంగులు చట్రమంతా ముందు నేల మీద పేర్చి, కీళ్లు సరిచూసి, కుసికీ బెజ్జానికీ ఒకే రోమన్ అంకె గీసి, విప్పి బళ్లకెత్తేవారు. నాలుగుకు నాలుగు గీతలే గీసేవారు. ఆ అంకె నాలుగో స్తంభానిది. నేను దాన్ని ఇంటి నుంచి తెగ్గోశాను.

మేస్త్రి వచ్చి తిట్టలేదు. ఆ ముక్కను నా పనిబల్ల మీద పెట్టి వెళ్లాడు. ఏడాది అక్కడే ఉంచాను. అప్పటి నుంచి ఏ స్తంభాన్నయినా సన్నని ఆరతో అంగుళం అంగుళం గుచ్చి చూడనిదే రంపం ముట్టను. ఊరికే పొడి రాలుతున్నదాన్ని గీకేస్తాం, నిజంగా బలం పోయిన మేరకే కోసి, ఏటవాలు అతుకుతో కొత్త ఓక్ ముక్క కలుపుతాం. కొత్త ముక్కకు రంగు పూసి పాతదానిలా నటింపజేయం. పక్కన తారీఖు చెక్కుతాం.

ఈ పద్ధతి మా మేస్త్రి కనిపెట్టింది కాదు. 1877లో విలియం మోరిస్, ఫిలిప్ వెబ్ మొదలైనవాళ్లు పురాతన కట్టడాల పరిరక్షణ సంఘం పెట్టారు. ఇక్కడ దాన్ని స్పాబ్ అంటారు. ఆ రోజుల్లో పాత చర్చిలను పునరుద్ధరణ పేరుతో చెక్కి, గీకి, ఊహించుకున్న మధ్యయుగాన్ని కొత్తగా కట్టేస్తుంటే వాళ్లు అడ్డుపడ్డారు. రోజువారీ సంరక్షణ చేయండి, మరమ్మతు చేయండి, లేనిదాన్ని సృష్టించకండి అన్నారు. ఆల్ఫ్రిస్టన్ పాదిరి ఇల్లు బతకడం ఆ ఆలోచన పుణ్యమే. కూల్చడానికి అన్నీ సిద్ధమైన ఇల్లది. ఊరి పాదిరి రెవరెండ్ బేనన్ కాళ్లరిగేలా తిరిగాడు. స్పాబ్ దగ్గరికి వెళ్లాడు, ఆ పైన అప్పుడే పుట్టిన నేషనల్ ట్రస్టును కదిపాడు. ట్రస్టు పెట్టిన ముగ్గురిలో ఒకరైన ఆక్టేవియా హిల్ మరమ్మతు చందాల కోసం పట్టుబట్టింది. ఆర్కిటెక్టు ఆల్ఫ్రెడ్ పావెల్ పని చేశాడు. కొన్నది పది పౌన్లకే గానీ నిలబెట్టడానికి అంతకు ఎన్నో రెట్లయింది. పాత ఇళ్ల సంగతెప్పుడూ అంతే. కొత్తగా కొనేవాళ్లకు నేను ముందే చెబుతాను.

సున్నం గురించి కూడా చెప్పాలి. 20వ శతాబ్దంలో ఈ కొయ్య ఇళ్లకు సిమెంటు పూసి చాలా నష్టం చేశారు. సిమెంటు పగులుతుంది, పగుల్లోంచి నీరు దిగుతుంది, బయటికి రాలేదు. లోపల ఓక్ నానుతుంది. సున్నమైతే తడి పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. అయితే సున్నానికి ఓపిక కావాలి. ఓసారి గడువు దాటిపోతోందని అక్టోబరు ఆఖర్లో గోడకు సున్నం గిలాబా చేశాను. వారంలో మంచు పడింది. లోపలి తడి గడ్డకట్టి, తెల్లారేసరికి గోడంతా పెంకులు పెంకులుగా ఊడింది. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను.

"సున్నం సంగతి నాకేం తెలుసురా," అన్నాడు. "మన మండువా కట్టినప్పుడు తాపీ మేస్త్రి మాత్రం గోడకి గోనెపట్టాలు కట్టి పదిరోజులు తడిపాడు. మీ మామ్మ బిందెలు మోయలేక సణుక్కునేది. తొందరపడితే గోడ తొందరగానే పోతుందనేవాడు."

మరుసటి వసంతంలో మళ్లీ చేశాను, గోనెపట్టాలు కట్టి, పొద్దునా సాయంత్రం తడిపి. ఆ గోడ ఇవాళ్టికీ ఉంది.

నాకు నా పని వచ్చిందని నమ్మకం కలిగిన రోజు ఒకటుంది. ఆరో ఏడాది. ఓ పాత ఇంట్లో హాలు గోడకు గాజు కిటికీ ఉంది. పైన దూలం అడుగున సున్నం పొరలు ఉబ్బి ఉన్నాయి. తాపీ మొనతో మెల్లగా లేపాను. ఒక చదరపు గుంట కనబడింది, మూలలు గోడకేసి తిరిగి. జానెడు పక్కన ఇంకొకటి. మొత్తం ఐదు తేలాయి. గాజు లేని రోజుల్లో కిటికీకి చదరపు కర్రలను మూలకు తిప్పి వరసగా నిలబెట్టేవారు, లోపల చెక్క తలుపు జరుపుకునేవారు. ఆ కర్రలు పోయాయి గానీ అవి కూచున్న గుంటలు దూలంలో ఉండిపోయాయి. చెప్పకుండానే మేస్త్రి నిచ్చెన ఎక్కి వచ్చి, వేలితో ఆ ఐదు గుంటలూ ఒక్కొక్కటే తడిమాడు. దిగిపోతూ తన ఆర తీసి నా జేబులో పెట్టాడు. దాని పిడి చెక్కింది వాళ్ల తాత. ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను.

ఆయన పోయి ఐదేళ్లయింది. ఆల్ఫ్రిస్టన్ హాల్లో ఓ మూల, కప్పు కింద కొయ్య మీద ఓక్ ఆకు చెక్కి ఉంటుంది. నేషనల్ ట్రస్టు గుర్తుగా వాడే ఓక్ ఆకుకు అదే ప్రేరణ అని అక్కడ చెప్పుకుంటారు. నేను కొత్తవాళ్లకు దాన్ని చూపించేది అందుకు కాదు. చెక్కినవాడి ఉలి ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూడమంటాను.

మీలో ఎవరైనా ఈ పని నేర్చుకోవాలంటే ససెక్స్‌లోనే సింగిల్టన్ దగ్గర వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియం ఉంది. కెంట్‌లో జలాశయం కింద మునిగిపోవాల్సిన బేలీఫ్ అనే వీల్డెన్ ఇంటిని 1960ల చివర్లో కొయ్యకు కొయ్య విప్పి, అక్కడికి తెచ్చి నిలబెట్టారు. ప్రతి కీలుకూ అంకె వేసి విప్పారు గనకే మళ్లీ నిలబడింది.

మన గోదావరి జిల్లాల్లో మండువా ఇళ్లు విప్పి, టేకు దూలాలు తూకానికి అమ్మేస్తున్నారని ఊరు వెళ్లినప్పుడల్లా వింటున్నాను. విప్పక తప్పదంటే విప్పండి. కానీ ముందు ఓ వడ్రంగిని పిలిచి, ప్రతి స్తంభానికీ దూలానికీ వాసానికీ అంకె వేయించండి. ఏది దేంట్లో కూచుందో ఓ కాగితం మీద గీయించి, ఆ కాగితం దాచండి. రెండు రోజుల పని.